గోడవతలి తోడు

దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు. అందుకని పొద్దు వాలకముందే నాయనమ్మ నా చేతిలో చిన్న ఇత్తడి గిన్నె పెట్టేది. "పక్కింటి పిన్నిగారినడిగి కాస్త తోడు పట్రా. మనది పులిసిపోయింది." పిట్టగోడ మీంచి గిన్నె అందిస్తే అవతలి నుంచి చెంచాడు పెరుగు పడేది. తెల్లారేసరికి మా ఇంట్లో గిన్నెడు పెరుగు. వారం తిరక్కుండానే ఆ పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి, "మాది విరిగిపోయిందత్తయ్యా, కాస్త తోడుంటే వెయ్యండి" అనేది. ఎవరు ఎంతిచ్చారో, ఎవరు ఎంత తీర్చారో రాసిన పద్దు ఏ ఇంట్లోనూ లేదు. కొన్నేళ్ళకు రెండిళ్ళ పెరుగుకీ ఒకటే రుచి వచ్చింది.

పాలను పెరుగు చేసేదీ తోడే, చీకట్లో వెంట వచ్చేదీ తోడే. ఒకే మాటలో రెండింటినీ ఎందుకు కట్టిపెట్టారో చిన్నప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగక్కర్లేదు. నా కడుపులో ఒక గోడ ఉంది, దాని అవతల ఒక పొరుగు ఉంది, దీపాలు పెట్టాక కూడా అక్కడ గిన్నెలు చేతులు మారుతూనే ఉంటాయి.

పొరుగమ్మా, ఈ నాలుగు మాటలూ నీకు.

నీకూ నాకూ మధ్య ఉన్న గోడ మందం ఒక్క కణం. ఒకటే వరస. నాలుగైదు రోజులకోసారి పాత ఇటుకలు రాలిపోయి కొత్తవి లేస్తాయి. గోడకు నీవైపు జిగురు పూత. ఆ పూతకవతల నీ సంసారం. ఎంతమందో 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు కూర్చుని లెక్కకట్టారు. డెబ్బై కిలోల మనిషిలో బ్యాక్టీరియా మీరు 38 లక్షల కోట్లు. మనిషి సొంత కణాలు 30 లక్షల కోట్లు. అంత సంతనీ తక్కెడలో వేస్తే 200 గ్రాములు తూగుతుంది. పావుకిలో పెసరపప్పు కూడా కాదు.

మాట లేదు మీకు. గోడ దాటే దారీ లేదు, దాటితే నా రక్తంలో యుద్ధమే. దాటేవి గిన్నెలు మాత్రమే. పది, పదిహేను పరమాణువులు పట్టేంత గిన్నెలు.

మొదటి గిన్నె వాసన బాగోదు, ముందే చెప్తున్నాను. ముక్కిపోయిన వెన్న వాసన. మిషెల్ షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయనికుడు రెండు వందల ఏళ్ళ క్రితం కొవ్వుల గుట్టు విప్పుతూ, ఆ వాసనకు మూలమైన ఆమ్లాన్ని వెన్నలోంచే బయటికి తీశాడు. వెన్నకున్న లాటిన్ పేరే దానికి పెట్టారు. అదే బ్యుటిరిక్ ఆమ్లం. పేగులో దాని రూపం బ్యుటిరేట్. నాలుగు కర్బనాల గొలుసు. ముక్కు మూసుకునే మనిషికి తెలియనిదేమంటే, ఆ గొలుసు తెగితే లోపల పొయ్యి ఆరిపోతుంది.

చద్దన్నం సంగతి చూడు. రాత్రి మిగిలిన అన్నం చల్లారుతున్నకొద్దీ అందులోని పిండిలో కొంత మళ్ళీ బిగుసుకుని ముడిపడుతుంది. ఆ ముడి విప్పడం నా ఎంజైములకు చేతకాదు. చిన్నపేగు పొడవునా ఎవరికీ లొంగకుండా ప్రయాణం చేసి అది నీ గుమ్మంలో పడుతుంది. జొన్నరొట్టెలో పీచు, గోరుచిక్కుడు నార, ఉల్లిపాయలో నాకరగని చక్కెరలు, ఇవన్నీ అంతే. నేను తిన్నాననుకున్నవి, నిజానికి నీకు పంపినవి. నువ్వు గాలి చొరబడని ఆ చీకట్లో వాటిని నానబెడతావు, విప్పుతావు, పులియబెడతావు. ఫీకాలిబ్యాక్టీరియం, రోజ్‌బూరియా అని నీ ఇంటి ఆడపడుచులకు నోరు తిరగని పేర్లు. వాళ్ళ చేతి వంట ఈ బ్యుటిరేట్. వెంట ఎసిటేట్, ప్రోపియోనేట్ అని మరో రెండు గిన్నెలు.

పెద్దపేగు గోడలో ఉన్న నా కణాలకు రక్తం చక్కెర మోసుకొస్తుంది. అయినా వాటి చూపంతా గోడవతలి గిన్నె మీదే. తమకు కావలసిన శక్తిలో 60 నుంచి 70 శాతం నువ్విచ్చిన బ్యుటిరేట్‌ని కాల్చుకునే తెచ్చుకుంటాయి. ఒళ్ళు నాది, పొయ్యిలో కట్టె నీది.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇదే. కట్టె కాలాలంటే గాలి కావాలి. నా కణాలు బ్యుటిరేట్‌ని కాలుస్తూ రక్తం తెచ్చిన ఆక్సిజన్‌ని అక్కడికక్కడే పీల్చేసుకుంటాయి. నీవైపు జారిపోయేది దాదాపు ఏమీ మిగలదు. ఆక్సిజన్ నీవాళ్ళలో చాలామందికి విషం. అంటే, నువ్వు పెట్టింది నేను కడుపారా తింటే చాలు, విషం నీ గడప తొక్కదు. నీ బాకీ తీర్చడానికి నేను వేరే ఏమీ చెయ్యక్కర్లేదు, తినడమే తీర్చడం. విడ్డూరం కాకపోతే ఏ ఊళ్ళో ఉంది ఇలాంటి చేబదులు?

అదే ఏ జ్వరానికో గట్టి యాంటీబయాటిక్ వాడి ఆ ఆడపడుచులను ఊడ్చేశామనుకో. గిన్నె రాదు. పొయ్యి వెలగదు. వాడని ఆక్సిజన్ గోడలోంచి కారుతుంది. దానికోసమే కాచుకున్న సాల్మొనెల్లా లాంటివి ఖాళీ అయిన ఇళ్ళలో చేరి బలుస్తాయి.

బ్యుటిరేట్ పొయ్యిలోనే ఆగదు. కణం నడిబొడ్డుకి పోయి, కండెకు చుట్టిన నూలులా బిగిసి ఉన్న డీఎన్‌ఏని అక్కడక్కడా వదులు చేస్తుంది. మూతబడిన జన్యువులు కొన్ని చదవడానికి వీలవుతాయి. కయ్యానికి కాలుదువ్వే రోగనిరోధక కణాలను శాంతపరిచే కాపలాకణాలు దీని వల్ల పెరుగుతాయని 2013లో ఎలుకల్లో తేలింది. పొరుగింటి పొగ నా ఇంట్లో పంచాయితీ తీరుస్తుందన్నమాట.

ఇది ఒక్క మనిషి భాగ్యమే అనుకుంటే ఆవు నవ్వుతుంది. పొలం గట్టున పడుకుని, కళ్ళు అరమోడ్చి, నెమరు వేస్తూ. ఆవు గడ్డి తింటుందని మనం అంటాం గానీ, ఆవు గడ్డి నీకు పెడుతుంది, నువ్వు పులియబెట్టింది తను తింటుంది. వంద లీటర్లు దాటి పట్టే మొదటి పొట్ట పూర్తిగా నీ ఇల్లు. ఆ పొట్ట గోడ దాటి ఈ ఆమ్లాలు రక్తంలోకి వెళ్తున్నాయని 1944లో కేంబ్రిడ్జిలో జోసెఫ్ బార్‌క్రాఫ్ట్ బృందం గొర్రెల్లో చూపించింది. పశువుకి మేతలోంచి నేరుగా దక్కే చక్కెర బహు తక్కువ. ప్రోపియోనేట్‌ని కాలేయం చక్కెరగా మారుస్తుంది, పొదుగు ఆ చక్కెరతో పాలకు తీపి పోస్తుంది. ఎసిటేట్ మీగడ అవుతుంది. వెన్నలో షెవ్రోల్‌కి దొరికిన నాలుగు కర్బనాల ఆమ్లం ఉందే, దాని ముడిసరుకు కూడా ఆ పొట్టలో నువ్వు పులియబెట్టిందే. పొద్దున్నే నా కాఫీలో చిక్కదనం నీది, కమ్మదనం నీది. పంచదార ఒక్కటే నేను కొన్నది.

గుర్రం దగ్గరికి ఊరికే వెళ్ళొద్దాం. 1829లో యుస్టుస్ లీబిగ్ గుర్రపు మూత్రంలో ఒక ఆమ్లాన్ని గుర్తించి దానికి గుర్రం పేరే పెట్టాడు, హిప్యూరిక్ ఆమ్లం అని. పచ్చగడ్డిలోని పదార్థాలను నువ్వు బెంజోయిక్ ఆమ్లందాకా నరికి పంపితే, కాలేయం దానికి ఒక గ్లైసీన్ తొడిగి సాగనంపుతుంది. మనిషి మూత్రంలోనూ ఉంటుందది, ఆకూ కాయా తిన్నవాళ్ళలో మరింత. సగం నీ పని, సగం నా పని, పేరు మాత్రం గుర్రానికి.

మళ్ళీ షెవ్రోల్ దగ్గరికొస్తాను, ఆయనతో ఇంకో పని ఉంది. కొవ్వుల పుస్తకం అచ్చయ్యాక ఆయన పారిస్‌లో గోబెలిన్ల నేతశాలలో అద్దకాలకు అధికారి అయ్యాడు. వెన్న వాసన ఎరిగిన ముక్కే రంగుల తొట్టెల మీదికీ వంగిందన్నమాట. ఆ తొట్టెల్లో రాణి నీలిమందు. నీలి అంటే మనకు పరాయిది కాదు. కడప సీమ నీలిమందుని ఇంగ్లిషు వర్తకులు కుర్పా అని పిలిచి కొనేవాళ్ళు. నీలి మొక్కను కోసి నీళ్ళ తొట్టెలో నానేస్తే ఆకులోంచి ఇండాక్సిల్ అనే పదార్థం ఊరుతుంది. ఆ నీళ్ళను కర్రలతో బాది గాలి తగలనిస్తే, ఎక్కడా లేని నీలం అడుగున పేరుకుంటుంది.

పొరుగమ్మా, ఆ తొట్టె నా లోపలా ఉంది. పప్పులో, పాలలో, గుడ్డులో ట్రిప్టోఫాన్ అని ఒక అమైనో ఆమ్లం. నావల్ల మిగిలిపోయింది నీ దగ్గరికి వస్తే దాని తోక కోసి ఇండోల్ చేస్తావు. ఇండోల్ గోడ దాటి కాలేయానికి వెళ్తుంది. కాలేయం దాన్ని ఇండాక్సిల్ చేస్తుంది. కడప ఆకులో ఊరిన అదే ఇండాక్సిల్. నీలం తేలకముందే దానికో గంధకపు మూత బిగించి కాలేయం మూత్రపిండాలకు పంపుతుంది. మనందరి మూత్రంలో రోజూ రంగు విప్పని నీలిమందు పోతూ ఉంటుంది. ఎప్పుడో, మంచం పట్టిన పెద్దవాళ్ళకు గొట్టం వేసినప్పుడు, సంచిలో చేరిన బ్యాక్టీరియా ఆ గంధకపు మూత ఊడదీస్తే, గాలి తగిలి సంచి ఊదారంగుకి తిరుగుతుంది. చూసినవాళ్ళు హడలిపోతారు. అందులో నీలం, నీలి తొట్టెలో నీలం, ఒకటే నీలం.

ఇండోల్‌కి ఇంకో ముఖం ఉంది. చిక్కగా ఉంటే దొడ్డివాసన. పలచగా ఉంటే మల్లె వాసన. ఉపమానానికి అనడం లేదు. మల్లెపువ్వు పరిమళంలో ఇండోల్ నిజంగానే ఉంది. ఎండాకాలం సాయంత్రం మూర పూలు కొని జడలో తురుముకునే ఆడపిల్లకీ, ఆ వీధి చివర మురుగుకాలవకీ మధ్య తేడా కొంతవరకు పాలు కలిపిన లెక్కే. నా పేగు గోడకు మాత్రం ఇండోల్ ఒక కబురు. అది తగిలితే గోడ కణాలు ఒకదాన్నొకటి మరింత గట్టిగా పట్టుకుంటాయి. నీ బంధువుల్లో క్లాస్ట్రిడియం స్పోరోజెనిస్ అనే ఆవిడ అదే ట్రిప్టోఫాన్‌తో ఇండోల్ ప్రోపియోనిక్ ఆమ్లం చేస్తుంది. నువ్వు లేకుండా మూసిన గదుల్లో పెంచిన ఎలుకల రక్తంలో అది అసలు కనిపించలేదు. ఆ ఒక్క ఆవిడను లోపలికి పంపగానే కనిపించింది. 2009 నాటి మాట. నా రక్తంలో నేను తయారుచెయ్యనివి తిరుగుతున్నాయని అంత సూటిగా చెప్పిన ప్రయోగం నాకు మరొకటి గుర్తుకు రాదు.

పొగడ్త మధ్యలో ఒక కష్టం చెప్పాలి. గిన్నె అందుకునే చెయ్యి పడిపోతే ఏమవుతుంది? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి నీడన, జీడితోటల్లో పనిచేసే వాళ్ళ మూత్రపిండాలు ఏళ్ళ తరబడి పాడవుతూనే ఉన్నాయి. మూలకారణం ఇంకా తేలలేదు. ఆ తప్పు నీదని అనను. కానీ మూత్రపిండం ఆగిన ఏ ఒంట్లోనైనా నీ నీలం బయటికి పోయే దారి లేక రక్తంలోనే పేరుకుంటుంది. రక్తంలోని ఆల్బుమిన్‌ని కరుచుకుని ఉంటుంది గనక డయాలసిస్ జల్లెడకు సరిగా చిక్కదు. గుండెనూ నరాలనూ నలుపుతుంది. నువ్వు అక్కడా రోజూలాగే గిన్నె అందిస్తూ ఉంటావు, పుచ్చుకునే ఇంట్లో మనిషి లేవలేక పడున్నాడని తెలియక. మాంసంలోంచి, గుడ్డులోంచి నువ్వు తీసే ట్రైమిథైల్అమీన్ కూడా అలాంటిదే. కాలేయం చేతిలో అది మరో రూపు దాల్చి, మోతాదు మించితే రక్తనాళాలకు చేటు చేస్తుందని గుండె వైద్యులు అనుమానిస్తారు. నిన్ను దేవతను చెయ్యబోయిన ప్రతిసారీ ఈ రెండు సంగతులూ నా చెయ్యి పట్టుకుంటాయి. పొరుగువే నువ్వు. పొరుగుగానే ఉండు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకి నీ ఇంటి గొడవ బాగా తెలుసు. స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన తోబుట్టువుల్లో ఇద్దరిని తీసుకుపోయింది, ఆయన్నీ పట్టి వదిలింది. అమెరికా చేరి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల్లో పాలిపోయిన రక్తానికి అది మళ్ళీ రంగు తెచ్చింది. ఆ వెతుకులాటలో రుచి చూసి చెప్పిందెవరు? కాలేయపు రసాల్లో ఫోలిక్ ఆమ్లం ఉందో లేదో తేల్చడానికి వాళ్ళు లాక్టోబాసిలస్ కేసీ అనే బ్యాక్టీరియాకి ఆ రసం పోసి, పెరుగుతుందా లేదా అని చూసేవాళ్ళు. పెరుగు కుండలో బ్యాక్టీరియాకి దగ్గర చుట్టం. గోదావరి జిల్లా మనిషి వెతికిన మందుకి జాడ చెప్పింది మళ్ళీ ఒక తోడే. నీ వాళ్ళలో కొందరు ఆ ఫోలేట్‌ని పేగులోనే సొంతంగా వండుకుంటారు కూడా.

బి12 కథలో మాత్రం చేతికొచ్చిన ముద్ద నోటికి రాదు. భూమి మీద దాన్ని తయారుచెయ్యగలిగింది నీలాంటి సూక్ష్మజీవులొక్కటే. మొక్క చెయ్యలేదు, మృగం చెయ్యలేదు. నా పెద్దపేగులో నువ్వు చేస్తూనే ఉంటావు. కానీ నేను దాన్ని పుచ్చుకునే కిటికీ చిన్నపేగు చివర ఉంది, నీ వంటిల్లు ఆ కిటికీ దాటాక ఉంది. ఏరు వెనక్కి పారదు. కుందేలు తెలివైంది, తన విసర్జనలో మెత్తటి ఉండల్ని తనే తిని ఆ లోటు పూడ్చుకుంటుంది. మనకంత ధైర్యం లేదు. వేలూరులో ఎం.జె. ఆల్బర్ట్, వి.ఐ. మాథన్, ఎస్.జె. బేకర్ 1980లో ఒక ఆశ చూపించారు. దక్షిణాదివాళ్ళ చిన్నపేగులో ఉండే బ్యాక్టీరియాలో కొన్ని బి12 చేస్తాయని. అంటే కొందరికి వంటిల్లు కిటికీకి ముందే ఉందన్నమాట.

ఆ వేలూరు నుంచే మరో ముచ్చట. డిజాక్సిన్ అని గుండెకిచ్చే పాత మందు. నీవాళ్ళు కొందరు దాన్ని పేగులోనే నిర్వీర్యం చేస్తారు. న్యూయార్క్ జనాన్నీ దక్షిణ భారత జనాన్నీ పోల్చిచూసి 1989లో ప్రకటించారు. అక్కడ 36 శాతం మందిలో ఆ పని జరుగుతోంది, ఇక్కడ దాదాపు 14 శాతం మందిలోనే. చీటీ మీద ఒకే మోతాదు రాసే డాక్టరుగారికి, ఆ మాత్రలో ఎంత గుండెకు చేరాలో నిర్ణయించే ఇంకొకరు లోపల కూర్చున్నారని చెప్పేదెవరు?

ఒంట్లో బాగోలేనప్పుడు లంఖణం చేస్తాం. నోరు కట్టేసుకున్నది నేను, పస్తు పడేది నువ్వూను. ఎలుకకు జబ్బు చేసి మేత మానేసినప్పుడు దాని చిన్నపేగు గోడ ఫ్యూకోజ్ అనే చక్కెరను తన ఒంటి మీద పూసుకుని గోడవతలికి రాలుస్తుందని 2014లో షికాగోలో కనిపెట్టారు. ఆ చక్కెర అందని ఎలుకలు కోలుకోవడం ఆలస్యమైంది. తాను తినకపోయినా పొరుగింటి పిల్లలకు ఇంత పెట్టి పడుకునే ఇల్లాలు గుర్తొస్తుంది నాకు.

అమెరికా మైదానాల్లో ఒంటి మీద పదమూడు చారలున్న నేలఉడుత ఆరునెలలు తిండీ నీళ్ళూ లేకుండా బొరియలో పడుకుంటుంది. ఎముకలగూడుగా లేవాలి. లేవదు. కండ తరిగి పుట్టిన యూరియాని పేగులోకి పంపిస్తుంది. నువ్వు దాన్ని విరగ్గొట్టి నత్రజని తీసి వాడుకుని, కొంత తిరిగి ఇస్తావు. ఆ నత్రజని కండలో మళ్ళీ ప్రొటీనుగా కనిపించిందని 2022లో విస్కాన్సిన్ శాస్త్రజ్ఞులు చెప్పారు. పారబోసిన నీళ్ళను పట్టి మళ్ళీ బిందె నింపడం ఇది.

పసుపుపచ్చ మిగిలింది. ఎర్ర రక్తకణాలు ముసలివై చితికితే వచ్చే బిలిరుబిన్ పైత్యరసంతోపాటు నీ దగ్గరికి వస్తుంది. నువ్వు దాని మీద చెయ్యేసి మారుస్తావు, చివరికి అదే యూరోబిలిన్ అయి మూత్రానికి ఆ రంగు ఇస్తుంది. ఆ మార్పు చేసే ఎంజైము ఏదో 2024లో గానీ పట్టుకోలేకపోయారు. రోజూ చూసే రంగు! పుట్టిన పసికందుకి ఒళ్ళు పచ్చబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. బిలిరుబిన్ వస్తోంది, పొరుగు ఇంకా ఇంట్లో దిగలేదు.

దిగే ముందు ఇల్లు ఎవరు సిద్ధం చేస్తారంటే, తల్లి. తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం బిడ్డకు అరగదు. లీటరుకు 5 నుంచి 15 గ్రాములు, రెండు వందల దాకా రకాల చక్కెర గొలుసులు. బాలింత ఒంట్లోంచి, అంత ఖరీదైన పాలలోంచి, బిడ్డకు పనికిరాని తీపి! 1899లో పారిస్‌లో ఆన్రీ టిసియే పసిపిల్లల మలంలో పంగలకర్ర ఆకారంలో ఉన్న బ్యాక్టీరియాని చూశాడు. బిఫిడో. ఆ తీపి వాళ్ళకోసం. తల్లి గోడ మీంచి అందించే మొదటి గిన్నె అది, బిడ్డ తరఫున. వాళ్ళు తిని లాక్టిక్ ఆమ్లం, ఎసిటేట్ తిరిగిస్తారు. ఆ పులుపు సోకిన ఇంట్లో దొంగలు నిలవలేరు.

మా తమ్ముడు పుట్టినప్పుడు మొదటిరోజుల్లో వాడి గుడ్డలు తారు పూసినట్టు నల్లగా ఉండేవి, వాసన ఉండేది కాదు. అమ్మ మంచం మీద, వాడు గంపలో, నాయనమ్మ గుడ్డలు ఉతుకుతూ బావి దగ్గర. ఐదో రోజో ఆరో రోజో, పసుపు తిరిగిన గుడ్డ ఒకటి ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. నేను మొహం చిట్లించాను. ఆవిడ చిట్లించలేదు. పెరటి గడప దగ్గరికొచ్చి అమ్మకు వినిపించేలా అంది:

"తోడుకుందే అమ్మాయ్."